ఒక్కపొద్దు సారు పెట్టిన పేరు

ఆ రోజుల్లో నాకు ఆకలి ఎక్కువ, ధైర్యం తక్కువ. ఈ రెండూ ఒకే మనిషిలో చేరితే ఎన్ని తిప్పలు ఉంటాయో అన్నీ పడ్డాను. ఉద్యోగం వచ్చి, జీతం వచ్చి, మూతి మీద మీసం కూడా ఒక దారికి వచ్చాక ఇక నేను పెద్దవాడినైపోయానని గట్టిగా నమ్మిన కాలం అది. మనిషి పెద్దవాడు కావడానికి వీటితో ఏ సంబంధమూ లేదని ఒక ఆదివారం మధ్యాహ్నం, నలభై మంది ఎదుట, చేతిలో మూతతీయని కూల్ డ్రింక్ సీసాతో నిలబడి తెలుసుకున్నాను. ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను కానీ, ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మాది సంగం దగ్గర పల్లె. వరి తప్ప మరో పంట తెలియని ఇల్లు. బీఎస్సీ జువాలజీ చదివి, ఆపైన బీఎడ్ చేసి, సూళ్లూరుపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. స్టేషను వెనక వీధిలో గది. చెన్నై బండి వెళ్లినప్పుడల్లా నా మంచం కూడా కాస్త చెన్నై వైపు జరిగేది. బయల్దేరే రోజు మా అమ్మ బస్సు కిటికీ దగ్గర నిలబడి చెప్పిన జాగ్రత్తల్లో మిగతావన్నీ మరిచిపోయాను కానీ ఒకటి మాత్రం గుర్తుంది. "నాయనా, కొత్తూరు. యాడబడితే ఆడ తినబాక. ఎవురిల్లో ఏందో తెలుసుకోకుండా చెంబుడు నీళ్లు గూడా తాగబాక." ఇందులో ఎవరి పేరూ లేదు, ఎవరి కులమూ లేదు. మా ఇంట్లో అలాంటివి నోటితో చెప్పరు. ఏ గడప దగ్గర ఆగాలో, ఏ ఇంటి గ్లాసును చూసి "ఇప్పుడే తాగొచ్చాను" అనాలో పుట్టినప్పటి నుంచి కళ్లతోనే నేర్పేస్తారు. నేను బాగా నేర్చుకున్నాను. (క్లాసులో కూడా ఎప్పుడూ ఫస్టే.)

స్కూల్లో చేరిన మొదటి రోజే స్టాఫ్ రూమ్‌లో లెక్కల అక్క పరిచయమైంది. లెక్కలు చెబుతుంది కాబట్టి లెక్కల అక్క. నాకంటే పదేళ్లు పెద్దది. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లే మనిషి. నన్ను చూడగానే "తమ్ముడూ" అంది, ఆ తర్వాత ఇంకో పిలుపు లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే నాలుగు గిన్నెల క్యారియరు విప్పింది. పులికాట్ రొయ్యల వేపుడు. ఆ వాసనకు నా కాళ్లు నా ప్రమేయం లేకుండానే అటు రెండడుగులు వేశాయి. "రా తమ్ముడూ, ప్లేటు తెచ్చుకో" అంది అక్క. నాకు బస్సు కిటికీ దగ్గర అమ్మ ముఖం కనిపించింది. అప్పుడు నా నోట్లోంచి నేను ముందుగా అనుకోని మాట ఒకటి ఊడిపడింది. "ఈరోజు శనివారం అక్కా. నాకు ఒక్కపొద్దు."

అబద్ధం ఆడటంలో కష్టమేమీ లేదు, దాన్ని మర్నాడు కూడా పోషించడంలోనే ఉంది కష్టమంతా. సోమవారం అక్క చేపల పులుసు తెచ్చింది. సోమవారం శివుడికి ఉపవాసమన్నాను. మంగళవారం ఆంజనేయస్వామి ఆదుకున్నాడు. గురువారం, శుక్రవారాలకు దేవుళ్లను వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. బుధవారం ఒక్కదానికే ఎవరూ దొరకక, ఆ రోజు మాత్రం కడుపులో మంట అని వంక పెట్టుకున్నాను. మా సోషల్ టీచరు, అందరం భాయ్ అని పిలిచేవాళ్లం, నా వారపట్టిక మొత్తం తెలుసుకుని దణ్ణం పెట్టేశాడు. "సార్, మేము ఏడాదికి ఒక నెల ఉపవాసముంటేనే మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. మీరు ఏడాదంతా ఉంటిరే. మీరు మామూలు మనిషి గాదు సార్."

మామూలు మనిషిని కాకపోతే నేనెలా బతికాననుకున్నారు? ల్యాబ్ ఉంది కదా. చార్టుల చుట్టల మధ్య దాచుకుని తెచ్చిన పెరుగన్నం డబ్బాను, మధ్యాహ్నం గంట కొట్టగానే ల్యాబ్ తలుపు గడియ పెట్టుకుని, సీసాలో తేలుతున్న కప్ప పక్కన కూర్చుని తినేవాడిని. ఆ కప్ప నన్ను రెండేళ్లు అలాగే చూసింది. ఒకసారి గడియ సరిగ్గా పడక భాయ్ తలుపు తోసుకుని వచ్చేశాడు. నా రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి. "ప్రసాదం" అన్నాను, అన్నంలోంచే. భాయ్ నిలబడ్డ చోటే చెప్పులు విడిచి చెయ్యి చాచాడు. నా ఊరగాయ ముక్క పోయింది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సాయంత్రాలు నేను స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో పరోటాలు తినేవాడిని, కోడిగుడ్డు దోసెలు తినేవాడిని. ఆ వంటింట్లో వండేది ఎవరో, వడ్డించేది ఎవరో, ఏ ఊరివాళ్లో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఏనాడూ అనిపించలేదు. తెలియకపోతే తప్పులేదు, తెలిస్తేనే తప్పు. నా ఆచారం అంతటి పకడ్బందీ ఆచారం.

ఇలా ఒక ఏడాది గడిచేసరికి ఊళ్లో నాకు ఒక్కపొద్దు సారు అని పేరు స్థిరపడిపోయింది. పరీక్షలకు ముందు పదో తరగతి పిల్లలు వరసలో నిలబడి నా చేత పెన్నులు ముట్టించుకునేవాళ్లు. ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చి "సార్, వీడు రాత్రిళ్లు ఉలిక్కిపడతాన్నాడు, కాస్త తలమీద చెయ్యిపెట్టండి" అంది. పెట్టాను. (వాడి ఉలికిపాటు తగ్గిందట. ఆ కేసు నాకిప్పటికీ అర్థం కాలేదు.) కానీ నన్ను అందరికంటే ఎక్కువగా నమ్మింది లెక్కల అక్క. ఆమెకు పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరు. మద్రాసు ఆసుపత్రులన్నీ తిరిగింది. ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేనప్పుడు "తమ్ముడూ, నీ దేవుడైతేనేం, నా దేవుడైతేనేం, ఆకలి చంపుకొని అడిగేవాడి మాట వింటాడు. నా గురించి గూడా ఒక మాట అడుగు" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి "అలాగే అక్కా" అన్నాను. ఆ రోజు ల్యాబ్‌లో పెరుగన్నం డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు. కానీ తిన్నాను. అదీ చెప్పాలి.

మరుసటి ఏడాది అక్కకు ఆడపిల్ల పుట్టింది.

ఇక చూడండి నా అవస్థ. బావ (అక్క భర్త) నన్ను చూస్తే లేచి నిలబడటం మొదలుపెట్టాడు. అక్క అత్తగారు, మేమంతా అవ్వ అనేవాళ్లం, నా రెండు చేతులూ తన కళ్లకద్దుకుంది. పాపకు పేరు పెట్టే సందర్భం వచ్చింది. అందుకు వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. దగ్గరివాళ్లు ఐదుగురు ఒక్కొక్క పేరు ఎంచుకుని చీటీ రాస్తారు. వాళ్ల పాస్టరు గారు, అందరూ అయ్యగారు అంటారు, ప్రార్థన చేసి బిడ్డ చేతిని చీటీల గిన్నెలో పెడతారు. ఏ చీటీ వస్తే అదే పేరు. అది దేవుడి జవాబు. ఇక మార్చడం, బాగాలేదనడం ఉండదు. ఆ ఐదో చీటీ నన్ను రాయమంది అక్క. "మూడ్రోజులు ఉపవాసముండి, దేవుణ్ణి అడిగి, ఆయన ఏ పేరు చెప్తే అది తీసుకురా తమ్ముడూ. మా గ్రంథంలో ఉండే మాటే గావాలి. ఈ ఊళ్లో ఎవురికీ ఉండగూడదు."

ఆ మూడు రోజుల ఉపవాసంలో నేను మొదటి రోజు పరోటా, రెండో రోజు కోడిగుడ్డు దోసె, మూడో రోజు రెండూ తిన్నాను. దేవుణ్ణి అడగటానికి మొహం చెల్లక ఫోన్ను అడిగాను. అప్పుడే కొత్తగా స్మార్ట్‌ఫోన్ కొనుక్కున్నాను, దానికి తెలియనిదేదీ ఉండదని నమ్మకం. దయ అనే అర్థం వచ్చే హీబ్రూ పేర్లు కావాలని వెతికాను. ఒక పట్టిక వచ్చింది. అందులో అందరికీ తెలిసిన పేర్లన్నీ దాటుకుంటూ పోతే అడుగున ఒకటి కనిపించింది. హసీదా. పక్కన అర్థం: దయగలది, నమ్మకంగా ప్రేమించేది. దాని కింద ఇంకా రెండు లైన్లు ఏవో ఉన్నాయి. దోసె చల్లారిపోతోందని చదవలేదు.

ఆదివారం వాళ్లింటి మేడ మీద షామియానా వేశారు. నలభై మంది దాకా బంధువులు. ఒక పక్క బిర్యానీ గుండిగ మూత మీద నిప్పులు పోసి ఉన్నాయి. నేను, భాయ్ కలిసి వెళ్లాం. నా పథకం నా దగ్గర ఉంది. పేరు పెట్టగానే ఊరికి బస్సు ఉందని చెప్పి, అన్నాలు వడ్డించేలోగా మెట్లు దిగెయ్యాలి. (ఆదివారం ఉపవాసానికి సూర్యుణ్ణి కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.) ఎవరో చేతికి కూల్ డ్రింక్ సీసా ఇచ్చారు. మూతతీయకుండా పట్టుకున్నాను.

అయ్యగారు ప్రార్థన చేశారు. పాప పిడికిలి విప్పి స్టీలు గిన్నెలో పెట్టారు. ఐదు చీటీల్లో ఒకటి ఆ చెమట చేతికి అతుక్కుపోయి వచ్చింది. అయ్యగారు విప్పి చదివారు. "హసీదా." అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఈ పేరు మా వాళ్ల పేరు మాదిరి ఉందే సార్" అన్నాడు భాయ్ నా చెవిలో. అక్క నా వైపు చెయ్యి చూపించి "మా తమ్ముడు తెచ్చినాడు. మూడ్రోజులు పచ్చి మంచినీళ్లు గూడా ముట్టుకోకుండా ఉపవాసముండి తెచ్చినాడు" అంది. ఇక నేను ఆగుతానా? లేచి నిలబడి, గొంతు సవరించుకుని, తొమ్మిదో తరగతికి పాఠం చెప్పినట్టు చెప్పాను. "హీబ్రూ భాషలో హసీదా అంటే దయగలది, నమ్మకంగా ప్రేమించేది అని అర్థం." చప్పట్లు. అక్క పాపను గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. "ఎనిమిదేళ్లకు దయ చూపినాడు, పేరు గూడా అదే ఇచ్చినాడు." ఆ క్షణంలో నేను నిజంగానే ఉపవాసముండి ఈ పేరు తెచ్చానని నాకే అనిపించింది.

ముందు వరసలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అవ్వకు అన్నగారు. గుంటూరు తాతయ్య అంటున్నారు అందరూ. పాస్టర్లకు చదువు చెప్పే బడిలో ముప్పై ఏళ్లు హీబ్రూ పాఠాలు చెప్పి రిటైరైన మనిషని నాకప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆయన కళ్లజోడు తీసి, పంచె కొసతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని మాస్టర్లు ఉంటారు చూడండి, ఆ రకం. "బాబూ, అర్థం నువ్వు చెప్పింది నిజమే. కానీ అది మనిషి పేరు కాదు నాయనా. పక్షి పేరు. సంకుబుడి కొంగ, ఇంగ్లీషులో స్టార్క్ అంటారే, అది. మోషే ధర్మశాస్త్రంలో తినకూడని పక్షులని ఒక వరస ఉంది. గద్ద, రాబందు, గుడ్లగూబ, గబ్బిలం. ఆ వరసలో ఉంటుంది ఇది. అపవిత్రమైన పక్షి."

బిర్యానీ గుండిగ దగ్గర నిప్పులు ఎగదోస్తున్న మనిషి కూడా ఇటు తిరిగాడు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోవాలన్న సంగతి నా కాళ్లు మరిచిపోయాయి. జువాలజీ చదివినవాడిని. కొంగల ముక్కుల మీద ఏడాదికి రెండుసార్లు పాఠం చెప్పేవాడిని. బళ్లో పిల్లలందరినీ వ్యాన్లో ఎక్కించుకుని దగ్గర్లోని పక్షుల చెరువుకు తీసుకెళ్లి, చెట్ల మీద గూళ్లు చూపించి వచ్చినవాడిని. ఎనిమిదేళ్లు ఎదురుచూసి అక్క కన్న బిడ్డకు గబ్బిలం పక్కన కూర్చునే పిట్ట పేరు తెచ్చి ఇచ్చాను.

"అపవిత్రమా?" అంది అవ్వ. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నా మనవరాలికి తినగూడని పిట్ట పేరా అన్నా? బళ్లో పిల్లకాయలు కొంగా కొంగా అని గేలి చెయ్యరూ? రేపు దీనికి పెళ్లెట్ట జేసేది?" బావ గిన్నె అందుకున్నాడు. "ఏముంది, ఇంకో చీటీ తీద్దాం అయ్యగారూ." అయ్యగారు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆయనకూ ఇష్టం లేదు, ముఖంలో తెలుస్తోంది. "ఎట్ట తీస్తాం అబ్బయా? నచ్చినప్పుడు దేవుడి జవాబని, నచ్చకపోతే ఇంకోసారని అంటే, అది చీటీ అవదు, ఆటవుతుంది. అందులోనూ ఇది ఉపవాసముండి, మోకాళ్లమీద అడిగి తెచ్చిన పేరంటున్నారు. అడిగినప్పుడు ఒకసారి, చీటీలో ఒకసారి, దేవుడు రెండుసార్లు చెప్పినట్టాయె. దీన్ని తీసెయ్యడానికి నాకు నోరు రాదు."

నలభై మందీ నా ముఖంలోకి చూస్తున్నారు. ఆ చూపుల్లో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. భక్తి ఉంది. ఒక్కపొద్దు సారు తెచ్చిన పేరు కదా, దీనిలో మనకు తెలియని మర్మం ఏదో ఉంటుందన్న భక్తి.

అవ్వకు ఒక పట్టాన మనసొప్పలేదు. అన్నగారి వైపు తిరిగింది. "సరే అన్నా, నాకొకటి జెప్పు. దయగలదని దేవుడే పేరు పెట్టినాడంటివి. మళ్లా ఆయనే అపవిత్రమన్నాడంటివి. దయ ఉండేదాన్ని ఎందుకు కాదన్నాడు? మా పుట్టింటి చెరువు మీదకు ఆ కొంగలొచ్చిన ఏడు, ఆ నీళ్లు పారితే ఎరువెయ్యకుండానే పంట పండేది. ఏం తప్పు జేసిందది?"

తాతయ్య నవ్వాడు. మంచి ప్రశ్న అడిగిన విద్యార్థిని చూసినప్పటి నవ్వు అది, నాకు బాగా తెలుసు. "యూదుల పెద్దలు కూడా ఇదే అడిగారమ్మా. దానికొక జవాబు చెప్పుకున్నారు. ఆ కొంగ దయగలదే. తెచ్చిన తిండిని తన వాళ్లకు ప్రేమగా పెడుతుంది. కానీ తన వాళ్లకు మాత్రమే. తన వాళ్లతోనే పంచుకుంటుంది, తన వాళ్ల దగ్గరే తింటుంది. ఇంకో జాతి పిట్టతో పొత్తు లేదు. ఆ దయకు హద్దు ఉంది కాబట్టే అది అపవిత్రం అన్నారు."

ఆయన నన్ను చూసి అనలేదు. ఆయనకు నేనెవరో కూడా తెలియదు. కానీ ఆ ముసలాయన అంతమంది ముందు నా ఊరు, పేరు, మా అమ్మ చెప్పిన జాగ్రత్త, గడియ పెట్టుకున్న నా పెరుగన్నం అన్నీ బయట పరిచేసినట్టు అనిపించింది. ఇంతకాలం ఎవరు ముట్టుకుంటే నేను మైల పడతానో అని లెక్కలు చూసుకున్నాను. ఆ పట్టికలో నా పేరే ఉందని ఎవరైనా చెబుతారని కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు అక్క నా దగ్గరికి వచ్చింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. "తమ్ముడూ, నువ్వొక్క మాట జెప్పు. ఎవురి మాటా నాకొద్దు. నువ్వు ఉపవాసముండి అడిగితే ఈ పేరే వచ్చిందా? అయితే కొంగైనా సరే, నా బిడ్డకు ఇదే పేరు. నీ ఉపవాసం మీద నాకు నమ్మకం."

ఔనంటే పాప జన్మంతా ఆ పేరు మోస్తుంది. కాదంటే నేను పోతాను. నా పరువు సంగతి అటుంచండి, ఈ అక్క నాకు ఇక ఉండదు. బస్సు వంక చెప్పి మెట్లు దిగిపోదామని ఒక్క క్షణం నిజంగానే మెట్ల వైపు చూశాను. మెట్ల మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. (వాళ్లు లేకపోతే ఏం చేసేవాడినో నేను హామీ ఇవ్వలేను.)

"లేదక్కా" అన్నాను.

"ఏంది లేదు?"

"ఉపవాసం లేదు. ఫోన్లో చూసి రాశాను."

మేడంతా గుసగుసలు. అక్క ఇంకా నమ్మకంగానే చూస్తోంది. "పోనీలే, ఈ మూడ్రోజులు ఒంట్లో బాగలేక ఉండలేదేమో. మామూలుగా ఉంటావు గదా. శనివారం, సోమవారం..."

"ఒక్క వారం కూడా లేదక్కా. ఒక్క రోజు కూడా ఉండలేదు. ల్యాబ్‌లో తలుపేసుకుని తినేవాడిని."

"రెండేళ్లూనా?" అంది. ఆ తర్వాత "మరి నేను పిలిచినప్పుడల్లా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆమె లెక్కల టీచరు. లెక్క తేలడానికి ఎంతసేపు? ఆ మేడ మీద ఉన్న ప్రతివాళ్లూ తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి నోటి నుంచి "ఇప్పుడే తిని వచ్చాను" అన్న మాట విన్నవాళ్లే. అందరికీ ఒకేసారి అర్థమైంది. భాయ్ నా పక్కనుంచి ఒక అడుగు దూరం జరిగాడు. పోయిన బక్రీదుకు ఆయన ఇంటికి పిలిస్తే నేను ఏ దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానో ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. అక్క ముఖంలో రంగు పోయింది. నేను అప్పటివరకు ఎవరినీ కొట్టలేదు. ఆ క్షణంలో ఆమెను చూస్తే కొట్టిన చెయ్యి నాదేనని తెలిసింది.

అయ్యగారే ముందు తేరుకున్నారు. "సరేనమ్మా. ఇంక ఏ అడ్డమూ లేదు. ఉపవాసం అబద్ధమని తేలింది గాబట్టి ఆ చీటీ చెల్లదు. ఇంకోటి తీద్దాం." బావ గిన్నెలో చీటీలు కలిపాడు. అక్క పాప చెయ్యి ఇవ్వలేదు.

"వద్దు అయ్యగారూ. ఇదే ఉండనీండి."

"ఏందమ్మే, నీకేమన్నా పిచ్చా?" అంది అవ్వ.

"ఉపవాసం అబద్ధం గానీ పేరుకి అర్థం అబద్ధం గాదు గదా అత్తా. చీటీ అబద్ధం గాదు గదా. ఇంకే చీటీ వచ్చున్నా ఇతను ఇంకో పదేళ్లు నాతో ఒక్కపొద్దు అనే చెప్పుండేవాడు." నన్ను తమ్ముడనలేదు, ఇతను అంది. "నా బిడ్డకు ఈ పేరే. ఆ పిట్ట చెయ్యలేని పని నా బిడ్డ చేస్తది. తన పర అని చూడకుండా పెడతది. అప్పుడది అపవిత్రం ఎట్టవుద్దో చూస్తా." అని పాపను తీసుకుని కిందికి వెళ్లిపోయింది. పిల్లలు మెట్ల మీదనుంచి లేచి దారి ఇచ్చారు.

గుంటూరు తాతయ్య మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఈసారి చాలాసేపు తుడుచుకున్నాడు. నేను కూల్ డ్రింక్ సీసా ఎక్కడ పెట్టాలో తెలియక చూస్తుంటే అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "యాడికి పోతావు? కూర్చో. నా పిల్ల మనసు కష్టపెట్టినావు. కడుపు కాల్చుకుని పోతే ఆ పాపం గూడా మాకెందుకు?" అని అరిటాకు వేసింది. నలభై మంది ఎదుట, మొదటి పంక్తిలో, నేనొక్కడినే. కళ్లనీళ్లు ఎందుకొచ్చాయో చెప్పుకోవడానికి బిర్యానీ వేడి బాగా పనికొచ్చింది. ఎంత తిన్నానో తెలియదు. భాయ్ కాసేపు నిలబడి చూసి, చివరికి వచ్చి నా పక్కన కూర్చుని "సార్, ఇది గూడా ప్రసాదమేనా?" అన్నాడు. ఎదుటి మనిషి అలా అనడం క్షమించడం కిందికి వస్తుందో రాదో అప్పుడు నాకు తెలియలేదు.

సోమవారం నుంచి అక్క స్టాఫ్ రూమ్‌లో క్యారియరు విప్పేది, భాయ్‌కి పెట్టేది, హిందీ మేడమ్‌కి పెట్టేది, నా వైపు చూసేది కాదు. అరిచినా బాగుండేది. ఒక నెల అలా నడిచింది. రోజూ నా డబ్బా నేను అందరి మధ్యా కూర్చుని తినేవాడిని, అది ల్యాబ్‌లో తిన్నదానికంటే కష్టంగా ఉండేది. ఆమె పెట్టాలని ఎదురుచూస్తున్నానే కానీ, రెండేళ్లు ఆమె అడిగింది కదా, ఇప్పుడు అడగాల్సింది నేనని తట్టడానికి నాకు ముప్పై రోజులు పట్టింది. ఒక బుధవారం ప్లేటు పట్టుకెళ్లి ఆమె ఎదురుగా నిలబడ్డాను. "అక్కా, కూరేంది ఇవాళ?" ఆమె తలెత్తలేదు. "బుధవారం కడుపులో మంట గదా నీకు" అంది. అని రెండు గరిటెలు వేసింది.

ఇదంతా జరిగి పదకొండేళ్లవుతోంది. నేను ఇప్పుడు వేరే ఊళ్లో పని చేస్తున్నాను, పక్షుల గురించి పాఠం చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉంటాను. మొన్న వేసవిలో సూళ్లూరుపేట వెళ్తే హసీదా స్టేషనుకు ఎదురొచ్చింది. వాళ్ల అమ్మలాగే గబగబా నడుస్తుంది, గబగబా అడుగుతుంది. బళ్లో పేరు గురించి గేలి చేస్తారా అని నేను భయపడుతూ అడిగితే "చేస్తారు మామయ్యా. తినగూడని పిట్టను గదా, నన్నెవురూ కొరకలేరు అంటా" అంది. కొంచెం దూరం నడిచాక ఆగింది. "మామయ్యా, అవ్వ చెప్పింది. నువ్వు మా ఇంట్లో తినేవాడివి కాదంట గదా. ఎందుకు?"

ఇన్నేళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అలా సూటిగా అడగలేదు. పెద్దవాళ్లందరికీ జవాబు ముందే తెలుసు కాబట్టి అడగలేదు. ఈ పిల్లకు నిజంగానే తెలియదు. రోడ్డు మధ్యలో నాకు మళ్లీ ఆ మేడ మీద నిలబడినట్టే అయింది.

"భయం" అన్నాను.

"మా అమ్మంటేనా?"

"మా అమ్మంటే. ఆమెకు తెలిస్తే ఏమవుతుందో అని."

"తెలిసిందా మరి?"

"తెలిసింది. ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేసి నేనే చెప్పేశాను. మీ ఇంట్లో తిన్నానని."

"కొట్టిందా?"

"లేదు. ఎవరింట్లోనో ఇంకోసారి చెప్పమంది. తర్వాత, కడుపునిండా పెట్టినారా నాయనా అని అడిగింది."

హసీదా నన్ను వింతగా చూసింది. "అంతేనా?" అంది.

"అంతే. ఊళ్లో మాత్రం ఎవురికీ చెప్పబాక అంది."

"అయితే ఎవురికీ చెప్పలేదా?"

లేదన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది, రెండేళ్లు నన్ను ఆకలితో మాడ్చిన భయం అంతేనా అన్నట్టు. నాకు కూడా నవ్వొచ్చింది, ఆ ఇరవై అయిదేళ్ల మీసాలవాడి మీద. వాడి మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. మా అమ్మ ఇప్పుడు లేదు. ఆమె మాట ఇంతకాలం కాపాడుకుంటూ వచ్చాను. ఇదిగో, ఇవాళ మీకు చెప్పేశాను.